మామకు మంచి మాట నేర్పిన వేసవి

ఆ రోజుల్లో బాగుచేయడానికి వీలుకాని మనిషంటూ ఈ లోకంలో ఉండడని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు, ఆ రెంటికీ మధ్యనున్న ఖాళీలో హాయిగా తేలుతున్న వయసు. కావలిలో మా ఇంటికి రెండు వీధుల అవతల గ్రంథాలయం ఉండేది. అందులో సరిగ్గా తిరిగే ఫ్యాను ఒక్కటే, దాని కింద కుర్చీ నాది. (నాదని ఎక్కడా రాసి లేదు. నేను లోపలికి రాగానే పేపరు చదువుకునే పెద్దమనుషులు లేచి పక్క కుర్చీల్లోకి మారేవారు. అది మర్యాదో, నాతో మాట్లాడాల్సి వస్తుందన్న భయమో ఇప్పటికీ తేల్చుకోలేదు.) వంటల పుస్తకాల అలమారాతో మొదలుపెట్టి, యోగా దాటి, కోళ్ళ పెంపకం దాటి, ఒక మధ్యాహ్నం మనస్తత్వశాస్త్రం దగ్గర ఆగాను. ఆగాను అంటే ఆగిపోయాను. మనిషిలో చెడిపోయినదేమిటని వెతకడం మానేసి బాగున్నదేమిటో వెతకమని చెప్పే పుస్తకం అది. సానుకూల మనస్తత్వశాస్త్రం అట. మనిషిలోని మంచి గుణాలు గుర్తించాలట, కృతజ్ఞత చెప్పించాలట, ఆశ పుట్టించాలట. చివర్లో కోచింగ్ అనే అధ్యాయం. కోచ్ అనేవాడు ఎదుటివాళ్ళకు సలహా ఇవ్వకూడదు, ప్రశ్న మాత్రమే అడగాలి. సలహా ఇచ్చే అవకాశం ఉండగా ప్రశ్న అడిగిన మనిషి మా వంశంలో ఇంతవరకూ పుట్టలేదు. ఆ మొదటి మనిషిని నేనే అవుతానని ఆ ఫ్యాను కింద నిర్ణయించుకున్నాను. కిటికీ బయట ఎండ తెల్లగా, మెత్తగా ఉండేది. ఆ తెల్లదనంలోకి చూస్తూ ఉంటే నాకు ఒక వేదిక కనిపించేది, దాని మీద నేను, నా ఎదురుగా బాగుపడిన జనం.

జనం దొరకడమే కష్టమైంది. మా అమ్మను ప్రశ్న అడిగితే పప్పు మాడుతోందని లేచిపోయింది. నాన్న నా ప్రశ్న పూర్తిగా విని, ఆలోచించి, "బ్యాంకు పరీక్షకు కట్టినావా?" అని తిరిగి ప్రశ్న అడిగాడు. (కోచ్ లక్షణాలు ఆయనలోనే ఎక్కువ ఉన్నాయని అప్పుడు గమనించలేదు.) అలాంటి రోజుల్లో మా అత్త, అంటే మా మేనమామ భార్య, సముద్రం ఒడ్డునుంచి ఫోన్ చేసింది.

"పాపా, నువ్వేదో మనుషుల్ని మార్చే సదువు సదువుతుండావంట గదా. మీ మామ నోటికేమన్నా మందుందా అందులో?"

మా మామది చిట్టమూరు దాటి తూర్పుకు పోతే వచ్చే ఒక చిన్న ఊరు. మామ సరంగు, అంటే పడవ నడిపించే పెద్ద. ఆయన పడవలో ఎప్పటినుంచో ముగ్గురు మనుషులు. నోరు మూతపడని ఒకతన్ని అందరూ రేడియో అనేవారు. ఎక్కడ ఆనుకుంటే అక్కడ నిద్రపోయే ఇంకొకతను నిద్రమొహం. వేటకు పోయేటప్పుడు కూడా తలకు నూనె రాసి పాపిడి తీసుకునే మూడో అతను పెళ్ళికొడుకు. (అతనికి పెళ్ళయి అప్పటికే చాలా కాలమైంది.) ఆ ముందు సీజనులో చేప సరిగా పడలేదు. ముగ్గురూ గొణగడం మొదలుపెట్టారట. అదే ఒడ్డున ఎప్పుడూ ఆకువక్క నములుతూ నవ్వే ఇంకో సరంగు ఉండేవాడు, ఊళ్ళో ఆయన్ని తాంబూలం అనేవారు. ఆయన కొత్త పడవ దింపాడు. మా పడవకు రండిరా అని ఆ ముగ్గురినీ పిలుస్తున్నాడు. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రోజులని వేట ఆపేస్తారు కదా, అది అయిపోయి మళ్ళీ సముద్రం తెరిచే రోజుకు ఆ ముగ్గురూ ఎవరి పడవ దగ్గర నిలబడతారన్నదే ప్రశ్న. వాళ్ళు పోతే మామ పడవ ఇసకలోనే ఉండిపోతుంది. ఆ వయసులో మామ ఇంకొకరి పడవలో కూలీగా ఎక్కాలి.

"నోరు తెరిస్తే తిట్టే గదా పాపా," అంది అత్త. "పొద్దున్నే దేవుడి పటానికి కూడా 'ఏంది, లేచినావా' అని ఎగిరిపడతాడు. ఆ తాంబూలమేమో నవ్వతా మాట్లాడతాడు. ఎవురికి మాత్రం ఉండబుద్దయితది ఈయన కాడ?"

నా గుండె ఝల్లుమంది. మొట్టమొదటి కేసు! పుస్తకానికి గడువు పొడిగించుకుని, సంచీలో బట్టల మీద దాన్ని జాగ్రత్తగా పెట్టుకుని బస్సెక్కాను.

వేట లేని రోజుల్లో సముద్రం ఒడ్డు సెలవుల్లో బడిలా ఉంటుంది. పడవలన్నీ ఇసక మీద ఒరిగి పడుకుని ఉన్నాయి. వాటి నీడల్లో కుక్కలు, పిల్లలు, పేకాటలు. మామ తన పడవ పక్కన వల ముందేసుకుని చినుగులు కుడుతున్నాడు. నేను ఎదురుగా, పుస్తకంలో చెప్పిన దూరంలో, చెప్పిన భంగిమలో కూర్చుని, చెప్పిన చిరునవ్వుతో అడిగాను.

"మామా, నీ జీవితంలో ఇప్పుడు బాగా జరుగుతున్నదేంది?"

మామ సూది ఆపి నన్ను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏం పాపా, పరీక్ష పోయిందా?"

"లేదు మామా."

"మరి ఎందుకట్టా నవ్వతుండావ్?"

అలా మొదలైంది మా శిక్షణ. ప్రతి సాయంత్రం ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు చెప్పాలని మామకు నియమం పెట్టాను. మొదటి సాయంత్రం మామ చాలాసేపు ఆలోచించి, "ఎండ సంపేసింది," అన్నాడు. అది మంచి విషయం కాదన్నాను. "చేపలు ఎండినాయి గదా, మీ అత్తనడుగు," అన్నాడు. సరే, ఒకటి. రెండోది? "గాలి లేదు. ఇసక కళ్ళల్లో పడలా." మూడోది? మామ సముద్రం వంక చూశాడు, నా వంక చూశాడు. "నువ్వు రేపు కావలికి పోతావేమోనని ఆశ." ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారు. నేను మాత్రం పొంగిపోయాను. ఆశ! మనిషిలోని గొప్ప గుణాలలో ఒకటిగా పుస్తకం చెప్పినది అదే. మొదటి రోజే బయటపడింది!

ఇంక తిట్లు. తిట్టు నోటిదాకా వచ్చినప్పుడు ఊపిరి లోపలికి తీసుకుని మెల్లగా వదలమని నేర్పాను. దాంతో మామ పూటంతా కొలిమితిత్తిలా బుస్సుమంటూ తిరిగేవాడు. కోడి అడ్డమొస్తే బుస్సు, కూరలో ఉప్పు తగ్గితే బుస్సు. "ఏందే ఈయన పామైపోయినాడు," అని అత్త నవ్వుకునేది. కానీ నిజంగానే ఆ ఇంట్లో తిట్టు వినపడడం మానేసింది. ఊరు కూడా దాన్ని గమనించింది. ఊరు దానికి ఏం అర్థం చెప్పుకుంటోందో మాత్రం నేను గమనించలేదు.

ఒక సాయంత్రం శ్రీహరికోట వైపునుంచి రాకెట్టు లేచింది. ఊరంతా ఇసక మీదికి వచ్చి నిలబడి చూసింది. ముందు వెలుగు, తర్వాత ఎప్పటికో ఛాతీలో మోగినట్టుండే ఆ చప్పుడు. అది కంటికి అందనంత దూరం పోయాక కూడా దాని పొగ ఆకాశంలో అలాగే నిలబడిపోయింది. కింద తెల్లగా, పైన గులాబీరంగుగా, ఎవరో ముగ్గు మొదలుపెట్టి మధ్యలో లేచిపోయినట్టు. జనం ఇళ్ళకు పోయారు. మామా నేనూ మిగిలాం. ఆ పొగ చూస్తుంటే నాకు ఏదైనా అడగొచ్చనిపించింది.

"మామా, కళ్ళు మూసుకో. ఇంకొన్నేళ్ళ తర్వాత అంతా నువ్వు కోరుకున్నట్టే జరిగిందనుకో. ఏం కనిపిస్తుండాది?"

బుస్సుమంటాడేమో అనుకున్నాను. మామ కళ్ళు మూసుకున్నాడు. అలలు వచ్చి పోతూ ఉన్నాయి. పైన పొగ గాలికి మెలికలు తిరిగి చెదిరిపోతోంది.

"పడవ వొడ్డుకొస్తా ఉండాది," అన్నాడు మెల్లగా. "రేడియో వాగతా ఉండాడు. వాడికి జుట్టు నెరిసిపోయింది. నిద్రమొహాన్ని లేపతా ఉండాం. పెళ్ళికొడుకు నడుము పట్టుకోని దిగతుండాడు, అయినా పాపిడి చెదర్లా."

"ఇంకా?"

"ఇంకేముంటది? అంతే." మోకాళ్ళు తడుముకుని, "నాకు మోకాళ్ళ నొప్పి లేదు," అన్నాడు. కళ్ళు ఇంకా తెరవలేదు.

కొత్త పడవ లేదు, మేడ లేదు. ఆ ముగ్గురే. అంత ప్రేమ పెట్టుకుని ఇన్నేళ్ళూ వాళ్ళను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతున్నాడు ఈ మనిషి! ఆ మాట వాళ్ళకు తెలిస్తే తాంబూలం పడవవైపు తిరిగి చూస్తారా? పుస్తకంలో సరిగ్గా దీనికోసమే ఒక సాధన ఉంది. మనకు మేలుచేసిన మనిషి ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని కృతజ్ఞత చెప్పి రావాలి.

"అయితే రేపు వాళ్ళ ఇళ్ళకు పోయి కృతజ్ఞత చెప్పు మామా."

"ఏంది? కుత్త... కుత్తిక?"

"కృతజ్ఞత."

"నా నోరు తిరగదు. వాళ్ళకు చెవి తిరగదు."

"పోనీ, థ్యాంక్స్ అను."

"థ్యాంక్సా! వాడేమన్నా బస్సు కండక్టరా?"

నిజమే. మా వాళ్ళలో ఎవరూ ఎవరికీ అలా చెప్పుకోరు. మా అమ్మ నాకు అన్నం పెడితే నేను థ్యాంక్స్ అంటే ఆమె జ్వరం చూస్తుంది. మరి ఈ భావాన్ని మామ నోటికి అందే మాటలో ఎలా పెట్టాలి? నేను ఇసకలో అటూ ఇటూ నడిచాను. నా గ్రంథాలయ జ్ఞానమంతా కూడగట్టుకున్నాను. అప్పుడు దొరికింది. ఆ మాట దొరికినందుకు నా వీపు నేనే తట్టుకోవాలనిపించింది. రుణం! చిన్న మాట, మన మాట, అందరికీ తెలిసిన మాట.

"'ఇన్నేళ్ళు నాతో ఉన్నావు, నీ రుణం తీర్చుకుందామని వచ్చినా' అని మొదలుపెట్టు మామా. తర్వాత ఆ మనిషిలో నీకు నచ్చిన గుణం ఒకటి చెప్పు. చివర్లో, 'నేనేమన్నా అని ఉంటే మనసులో పెట్టుకోవద్దు' అను."

మామ రెండు మూడుసార్లు వల్లె వేశాడు. చదువుతున్న మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదు. నేను అప్పుడు పొగను చూస్తున్నాను.

మరుసటి రోజు మామ గడ్డం గీయించుకుని, పెళ్ళిళ్ళకూ చావులకూ మాత్రమే కట్టే తెల్ల పంచె కట్టి బయలుదేరాడు. కోచ్ పక్కన ఉండకూడదు కాబట్టి నేను కొంచెం దూరంలో వేపచెట్టు చాటునుంచి చూశాను. (వినిపించలేదు. వినిపించి ఉంటే బాగుండేది.) మొదట రేడియో ఇల్లు. మామ మంచం మీద కూర్చుని ఏదో చెప్పాడు. ఎన్నడూ ఆగని రేడియో ఆగిపోయింది. రెండు చేతులతో మామ చెయ్యి పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత నిద్రమొహం ఇల్లు. అతను పూర్తిగా మేలుకున్న కళ్ళతో కనిపించడం అదే మొదటిసారి. పెళ్ళికొడుకు ఇంట్లో అతని భార్య చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. ఆనంద బాష్పాలు, అనుకున్నాను. పుస్తకంలో ఈ సాధన చేసినప్పుడు రెండువైపులా కన్నీళ్ళు వస్తాయనే రాసి ఉంది. ఇంత తొందరగా వస్తాయని మాత్రం రాయలేదు.

పొద్దు తిరగకముందే మా ఇంటికి కొబ్బరిబొండాలు రావడం మొదలైంది. తర్వాత బత్తాయిలు. తర్వాత ఒక బుట్టెడు దానిమ్మలు. తెచ్చినవాళ్ళు మామ పక్కన కూర్చుని ఆయన మొహంలోకి తదేకంగా చూసి, నిట్టూర్చి, తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. ఒక ముసలాయన మాత్రం, "మా బావమరిదికి రెండు నెలలే అన్నారు, నాలుగు నెల్లుండాడు," అని దేనికీ సంబంధం లేని మాట ఒకటి చెప్పిపోయాడు. మామకు ఇదంతా తెగ నచ్చింది.

"మంచి మాట చెప్తే బొండాలిస్తారా పాపా! ఈ సంగతి ముందే చెప్పొద్దూ? ఇన్నేళ్ళూ అనవసరంగా తిట్టినానే!"

ఆ ఉత్సాహంలో మామ నా అనుమతి కూడా అడక్కుండా మిగతా ఊరిమీద పడ్డాడు. ఐసు కొట్టు ఆయనకు రుణం, వల తాళ్ళు అమ్మే ఆయనకు రుణం, చిన్నప్పుడు ఈత నేర్పిన పెద్దాయనకు రుణం. ఆఖరికి తాంబూలం ఇంటికి కూడా పోయాడు. తిరిగొచ్చాక ముఖంలో ఏదో తికమక.

"వాడు నన్ను వాటేసుకోని ఏడ్చినాడే. నోట్లో ఆకు కూడా ఊసేసినాడు. 'నీ మనుషుల్ని నేను చూసుకుంటాలే అన్నా, నువ్వు దిగులుపడొద్దు' అంటాడు. నా మనుషుల్ని వాడెందుకు చూసుకోవాలే?"

"చుట్టూ ఉన్నవాళ్ళు ఆసరాగా నిలబడుతున్నారు మామా," అన్నాను, పుస్తకం తెరవకుండానే.

అసలు సంగతి అత్త తెచ్చింది. వీధి కొళాయి దగ్గర నీళ్ళకు పోతే నలుగురు ఆడవాళ్ళు ఆమె బిందె లాక్కుని తామే పట్టి ఇచ్చారట. ఒకామె గట్టిగా కావలించుకుని, "ధైర్యంగా ఉండమ్మా, నీకు మేము లేమా," అందట. అత్త ఆ బిందె వాకిట్లోనే దించేసి, కన్నీళ్ళతో ఇంట్లోకి వచ్చింది.

"ఏం జబ్బయ్యా నీకు? నాకు చెప్పకుండా ఊరంతా చెప్పుకుంటుండావా?"

"జబ్బా? ఎవురికి?"

"ఊరంతా అనుకుంటుండారు. ఇంటింటికీ పోయి ఏం చెప్పినావ్ నువ్వు?"

మామ నేను నేర్పిన మూడు ముక్కలూ ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పాడు. తెల్ల పంచెలో నిలబడి. మెల్లని గొంతుతో. ఒక్క తిట్టు లేకుండా. అప్పుడు విన్నాను నేను, మొదటిసారి, ఊరు విన్నట్టుగా.

అత్త నావైపు తిరిగింది. "రుణం తీర్చుకుందామని వచ్చినా అనమన్నావా? ఏ రోజు అంటారు పాపా రుణం తీరిపోయిందని?"

అది శవం దగ్గర అనే మాట. చీటికీ మాటికీ తిట్టే మనిషి ఉన్నట్టుండి తిట్టడం మానేసి, గడ్డం గీసుకుని, ఇంటింటికీ తిరిగి రుణం తీర్చుకుని, తప్పులు కాయమంటే ఏమనుకుంటారు ఎవరైనా? గ్రంథాలయంలో నిఘంటువులు మూడు ఉండేవి. మూడింటిలోనూ ఆ మాటకు అర్థాలు చూసినదాన్నే నేను. అది ఎప్పుడు అనకూడదో మాత్రం వాటిల్లో లేదు.

ఇంక దాన్ని సరిచేయబోతే మరీ చెడింది. "నాకేం కాలేదబ్బా, బాగానే ఉండా," అని మామ ఊరంతా తిరిగి చెప్పాడు. పోయే మనిషి ఖచ్చితంగా ఆ మాటే చెప్తాడు కదా. "ఎంత గుండె ధైర్యం చూడు," అన్నారు జనం. అత్త నవ్వుతూ చెప్పబోతే, "పాపం, పైకి నవ్వతుండాది," అన్నారు. నేను చెప్పబోతే, "కావలినుంచి ఈ పిల్లను కూడా పిలిపించినారే, అంటే మరీ దగ్గరికి వచ్చినట్టే," అన్నారు. తిట్టు మామా, ఒక్కసారి తిట్టు, నిజం నమ్ముతారు అని నేను బతిమాలాను. పిలిస్తే వచ్చేదా తిట్టు? మామ నోరు తెరిచి ప్రయత్నించి, బుస్సుమని ఊపిరి వదిలాడు. "రావట్లా పాపా," అన్నాడు దిగులుగా. "మరీ గట్టిగా నేర్పినావ్."

సముద్రం తెరిచే రోజు రానే వచ్చింది. తెల్లవారుతుంటే ఒడ్డంతా తిరనాళ్ళలా ఉంది. పడవలకు పసుపు, కుంకుమ, పూలదండలు. కొబ్బరికాయలు పగులుతున్న చప్పుడు, కర్పూరం వాసన, దాని కింద మామూలు చేపల వాసన. తూర్పున సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత ఇంకా పడలేదు, రెండూ ఒకే బూడిదరంగులో ఉన్నాయి. అత్త మా పడవ ముక్కుకు బొట్టు పెట్టింది. మామ పక్కన నిలబడ్డాడు. మేము ముగ్గురమే. అవతల తాంబూలం కొత్త పడవ దగ్గర రేడియో, నిద్రమొహం, పెళ్ళికొడుకు తలలు వంచుకుని తాళ్ళు సర్దుతున్నారు, మావైపు చూడకుండా. ఒక్కొక్క పడవే కేకలతో నీళ్ళలోకి జారిపోతోంది. మామ వంగి మా పడవను భుజంతో ఒకసారి నెట్టాడు. నేను కూడా వెళ్ళి పక్కన భుజం ఆనించాను. పడవకు మేము నెడుతున్నట్టే తెలియలేదు.

అప్పుడు రేడియో మెల్లగా మా దగ్గరికి వచ్చాడు. చేతులు కట్టుకున్నాడు. గుళ్ళో మాట్లాడినట్టు గొంతు తగ్గించుకున్నాడు.

"అన్నా, నువ్వు ఇంటికి పోయి పడుకో. దేనికీ ఇబ్బంది పడొద్దు. రోజూ కూరకు చేప నేనే తెచ్చిస్తా."

మామ మొహం ఎర్రగా అయింది. ఊరంతా చూస్తోంది. నేను భయపడి, అలవాటుకొద్దీ, "ఊపిరి తీసుకో మామా," అన్నాను. మామ తీసుకున్నాడు. ఆ బూడిదరంగు పొద్దున ఒడ్డుమీదున్న గాలినంతా లోపలికి తీసుకున్నాడు. ఈసారి అది బుస్సుమని రాలేదు.

"ఒరే సచ్చినోడా! నువ్వు నాకు చేప తెచ్చిస్తావంట్రా! నీ మొహం మండ, నాకు కూర పెట్టేంత మొనగాడివా నువ్వు? ముడి వెయ్యడంలో నీ మాదిరి చెయ్యి ఈ వొడ్డంతా ఎతికినా లేదని నాకు తెలియకనే ఇన్నేళ్ళు నీ వాగుడు భరిస్తుండానంట్రా? ఒరే నిద్రమొహం! మొద్దెద్దా! నువ్వు గురకపెడతా ఉన్నా నీ చెవి మన ఇంజను మీదే ఉంటది గదరా, అది దగ్గితే లేచేది నువ్వే గదరా! ఆ కొత్త ఇంజను దగ్గు నీకేం తెలుసురా? వాణ్ణి చూడు, పెళ్ళికొడుకు! సినిమాకొచ్చినట్టు పాపిడి! ఎంత పెద్ద అల లేచినా ముందు దూకేది నువ్వేనని పొగరు గదరా నీకు, దొంగసచ్చినోడా! ముగ్గురూ పోయి వాడి పడవెక్కితే నేనింక ఎవుర్ని తిట్టుకోవాల్రా ఈడ!"

ఒడ్డంతా ఇటే తిరిగింది. నీళ్ళలో ఉన్న పడవల్లోవాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూస్తున్నారు. రేడియో మొహం మీద ఒక వెలుగు మెల్లగా, తూర్పున రాబోతున్న వెలుగుకంటే ముందే, పరుచుకుంది.

"బాగుండాడ్రోయ్!" అని అరిచాడు ఊరంతటికీ వినపడేలా. "మా అన్నకేం కాలేదురోయ్! తిడతుండాడు!"

నిద్రమొహం తాడు అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాడు. పెళ్ళికొడుకు ఏడుస్తూ నవ్వుతూ వచ్చాడు. "ఎంత దడిపించినావన్నా, రుణం తీరిపోయింది పొండిరా అన్నట్టే చెప్తివి గదా!" అన్నాడు. పడవ అమ్మేశావనుకున్నామని నిద్రమొహం, లేదు నువ్వు పోతున్నావనే అనుకున్నామని రేడియో, ముగ్గురూ ఒకేసారి. మామ ముగ్గురినీ మళ్ళీ ఒకసారి, ఈసారి విడివిడిగా, తీరిగ్గా తిట్టాడు. అవతల తాంబూలం నవ్వలేక నవ్వి, ఆకు తుపుక్కున ఊసి, "పోండిరా, పోండి, పొద్దన్నుంచీ నా పడవ మీద ఏడుపు మొహాలేసుకోని కూర్చుండారు," అన్నాడు. నలుగురూ భుజాలు ఆనించారు. పడవ ఇసక మీద ఒకసారి మూలిగి కదిలింది. నన్ను దాటిపోతూ రేడియో, "పాపా, ఇంకొకసారి మా అన్నకు మంచి మాటలు నేర్పినావంటే నిన్ను నడిసముద్రంలో దింపి వస్తాం," అన్నాడు. మామ అది విని, "దాన్నేమన్నా అన్నావంటే నీ నాలిక కోస్తా, లగెత్తరా మొద్దూ," అన్నాడు. అంతకంటే మంచి మాట నా గురించి మామ ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు నాకు అదే వృత్తి. నెల్లూరులో చిన్న గది, ఒక ఫోను, రెండు కుర్చీలు. బ్యాంకువాళ్ళు వస్తారు, టీచర్లు వస్తారు, అత్తాకోడళ్ళు విడివిడిగా వస్తారు. ఇప్పటికీ ఆ ప్రశ్నలే అడుగుతాను, ఆ పుస్తకం మీద నాకు గౌరవం ఇసుమంత కూడా తగ్గలేదు. వినడం మాత్రం కొంచెం నేర్చుకున్నాను. మొన్న ఒకావిడ, "మా ఆయనా? ఆ తిక్క మొహంలో మంచేముందమ్మా, నాకు బస్సు దొరికిందాకా వానలో గొడుగు పట్టుకోని నిలబడతాడు, బుద్దిలేనోడు," అంది. నేను ఇంక ఏమీ అడగలేదు.

కానీ ఈ జ్ఞానమంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున ఒడ్డున నిలబడ్డ ఆ పిల్లకు, అంటే అప్పటి నాకు, ఇవేవీ తెలియవు. తను నేర్పిన ఊపిరి సాధన వల్లే మామ లోపలి మనిషి బయటికి వచ్చాడని, ఇది సంపూర్ణ విజయమని ఆమె నమ్ముతోంది. పడవ మొదటి అల ఎక్కి దిగింది, రెండోది ఎక్కింది. సూర్యుడు వచ్చి సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత గీశాడు. మామ తిట్లు ఇంకా వినిపిస్తున్నాయి, దూరమవుతున్నకొద్దీ మాటలు చెరిగిపోయి, అలల హోరు ఎక్కడ ఆగుతుందో మామ ఎక్కడ మొదలవుతాడో తెలియకుండా. మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి, తడిసిన చున్నీతో, ఇటు తిరిగి చూడని పడవకు ఆ పిల్ల చప్పట్లు కొడుతూనే ఉంది. అప్పుడప్పుడూ నాకు కనిపిస్తుంది. వెళ్ళి అసలు సంగతి చెప్పాలనిపించదు. ఇంకాసేపు కొట్టుకోనీ అనిపిస్తుంది.